మినీ ట్రాక్టర్‌కి పనిముట్టు తగిలించడం: అపోహలు - వాస్తవాలు

మిర్చి, పత్తి సాళ్ల మధ్య, బత్తాయి తోటల్లో మినీ ట్రాక్టర్లు బాగా పెరిగాయి. వాటితోపాటు నా దగ్గరికి రిపేరుకొచ్చే వంగిన లింకులు (పనిముట్టును పట్టుకునే చేతులు), విరిగిన క్రాసులూ (షాఫ్ట్ కీళ్లలో ఉండే ప్లస్ ఆకారపు ముక్కలు) పెరిగాయి. బండిలో లోపం ఉండి వచ్చేవి తక్కువ. పిన్ను ఎక్కింది కదా అని నేరుగా పొలంలోకి దిగడం వల్ల వచ్చేవే ఎక్కువ.

అపోహ: పిన్ను పడితే పనిముట్టు సరిపోయినట్టే.

బండి వెనక పనిముట్టును మూడు చోట్ల పట్టుకునే అమరికే లింకేజీ: కింద రెండు లింకులు, పైన మధ్యలో పొడవు మార్చుకోగల టాప్ లింక్. మినీ ట్రాక్టర్లకు సాధారణంగా ఉండేది కేటగిరీ 1 సైజు లింకేజీ. కింది పిన్నులు 22 మి.మీ., టాప్ లింక్ పిన్ను 19 మి.మీ. పెద్ద బండ్ల కేటగిరీ 2లో అవి 28, 25. చిన్న పనిముట్టును పెద్ద బండికి తగిలించాలంటే పిన్నుకి బుష్ (తొడుగు) వేస్తే చాలు. అదే ధైర్యంతో పెద్ద కల్టివేటర్ పిన్నుల్ని లేత్ మీద సన్నం చేయించి మినీకి ఎక్కిస్తున్నారు. పిన్ను సన్నబడింది గానీ కల్టివేటర్ బరువు తగ్గలేదు కదా! ఈ బండ్లలో చాలావాటికి లిఫ్ట్ సామర్థ్యం 750 కిలోలని రాసి ఉంటుంది. అది కింది లింకుల చివర, పిన్ను దూరే బాల్ దగ్గరి లెక్క. బరువు వెనక్కి జరిగేకొద్దీ లేపగలిగేది తగ్గుతుంది. ఒకవేళ లేపినా ముందు చక్రాలు తేలిపోతాయి, గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగ్ మాట వినదు.

మరీ ఇరుకు బండ్లకు కేటగిరీ 1ఎన్ కూడా ఉంటుంది. పిన్నులు అవే, లింకుల మధ్య వెడల్పే తక్కువ. లింకుల్ని బలవంతంగా సాగదీసి ఎక్కించకండి.

అపోహ: కల్టివేటర్ లోతుకు దిగకపోతే పైన రాళ్లో ఇసుక బస్తాలో పెట్టాలి.

నాకు బాగా బాధ కలిగించేది ఇదే. బరువు పెడితే టైర్లు జారతాయి, ఫ్రేమ్ వంగుతుంది, డీజిల్ తాగుతుంది. ముందు చూడాల్సింది టాప్ లింక్. బండిని సమమైన సిమెంటు నేల మీద నిలిపి కల్టివేటర్ దించండి. పక్కన కూర్చుని చూడండి. ముందు వరస మొనలు నేలకు ఆని, వెనక వరస బెత్తెడు పైన ఉంటే టాప్ లింక్ పొట్టిగా ఉన్నట్టు. తిప్పి పొడవు పెంచండి. వెనక వరసే ఆనితే తగ్గించండి. తర్వాత వెనక నిలబడి చూడండి. ఒక పక్కకి వాలి ఉంటే కుడి లిఫ్ట్ రాడ్ హ్యాండిల్ తిప్పి సమం చేయాలి. ఇవి రెండూ సరిగా ఉండీ దిగకపోతే కర్రుల మొనలు అరిగాయేమో చూడండి. రెండు మొనల కర్రులైతే తిరగేసి బిగించుకోవచ్చు. డ్రాఫ్ట్ లివర్ (నేల లాగే బలాన్ని బట్టి లిఫ్ట్‌ని నడిపే లివర్) ఎక్కడుందో కూడా గమనించండి. అది బాగా పైకి ఉంటే, నేల గట్టిగా తగిలిన ప్రతిసారీ లిఫ్ట్ తనంతట తానే కల్టివేటర్‌ని లేపేస్తుంది.

అపోహ: చెక్ చైన్లు (కింది లింకులు పక్కలకి ఊగకుండా ఆపే గొలుసులు) రోడ్డు మీద పోయేటప్పుడే బిగించాలి.

రోటావేటర్‌కి పొలంలోనూ బిగువుగానే ఉండాలి. సాళ్ల మధ్య అంతరకృషికీ అంతే, లేకపోతే పనిముట్టు ఊగి మొక్కల్ని కోసేస్తుంది. నాగలికి మాత్రం కాస్త వదులు కావాలి.

అపోహ: రోటావేటర్‌తో వచ్చిన షాఫ్ట్‌ని కొలవక్కర్లేదు.

బండి వెనక తిరుగుతూ పనిముట్టుకి ఇంజన్ బలాన్ని ఇచ్చే మొన పీటీఓ. మినీ ట్రాక్టర్లో దానికి, రోటావేటర్ గేర్‌బాక్స్‌కి మధ్య దూరం తక్కువ. దించినప్పుడు బాగానే ఉన్న షాఫ్ట్, లేపేటప్పుడు లోపలికి పూర్తిగా చొరబడి పీటీఓ బేరింగ్‌ని తన్నేస్తుంది. ఇంజన్ ఆపి, లిఫ్ట్‌ని కొద్దికొద్దిగా కదుపుతూ పీటీఓ, గేర్‌బాక్స్ షాఫ్టులు రెండూ ఒకే ఎత్తులోకి వచ్చే చోట కొలవండి. దూరం బాగా తగ్గేది అక్కడే. అక్కడ రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి. లేకపోతే లోపలి, బయటి గొట్టాలు రెండింటినీ, వాటి ప్లాస్టిక్ కవర్లనూ సమానంగా కోయించాలి. అలాగని ఎక్కువ కోస్తే మరో చిక్కు. పూర్తిగా సాగినప్పుడు కూడా గొట్టాలు మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. గొట్టాలు కలిపేటప్పుడు లోపలి రెండు యోక్‌లూ (క్రాసుని పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో పడ్డాయో లేదో చూసుకోండి. ఒక పల్లు తేడాగా పడినా బండంతా అదురుతుంది, క్రాసులు త్వరగా పోతాయి.

అపోహ: టాప్ లింక్ బ్రాకెట్‌కి గొలుసు కట్టి మొద్దుల్ని, దిగబడ్డ బండ్లని లాగొచ్చు.

దయచేసి ఎవరూ ఈ పని చేయొద్దు. లాగే బలం వెనక ఇరుసు కంటే పైన పడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. క్లచ్ తొక్కేంత సమయం కూడా ఉండదు, డ్రైవర్ దాని కిందే ఉంటాడు. గొలుసు ఎప్పుడూ ఇరుసు కంటే కిందున్న డ్రాబార్‌కే (లాగడానికి ఉండే పట్టీకే) కట్టాలి, మొదటి గేర్‌లో మెల్లగా క్లచ్ వదలాలి.