పదో తరగతి ఫీజు 125 రూపాయలు: సర్కారు బడి ఖర్చుల వెనక కథ

నవంబర్‌లో నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పత్తి ఏరే పని ముమ్మరంగా ఉంటుంది. సర్కారు బళ్లలో పదో తరగతి పరీక్ష ఫీజు గడువు కూడా దాదాపు ఆ రోజుల్లోనే పడుతుంది. ఫీజు 125 రూపాయలు. గడువు దాటితే 50, ఇంకా ఆలస్యమైతే 200, ఆఖరికి 500 ఫైన్. "సర్కారు బడిల అంతా ఫ్రీ అంటరు గదా సార్, మళ్ల ఈ పైసలేంది?" అని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నిజాం పాలనలో పై చదువు దాదాపుగా ఉర్దూలోనే. సొంత భాషలో చదువు కావాలని తెలంగాణలోని తెలుగువాళ్ల సంఘం ఆంధ్ర మహాసభ కొట్లాడింది. దాని రెండో సభ 1931లో మన దేవరకొండలోనే, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. తర్వాత 1950లో రాజ్యాంగం వచ్చింది. 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని 45వ అధికరణం చెప్పింది. అది ఆదేశిక సూత్రం కాబట్టి, అమలు చేయకపోయినా కోర్టుకు పోయే దారి లేదు.

ఫీజు తీసేసినంత మాత్రాన పేద పిల్లలు చదవలేరని గుర్తించిన ప్రయత్నం ఒకటి మన దగ్గరే మొదలైంది. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు. చదువుతో పాటు తిండి, పడక కూడా అక్కడే. ఇంటి మీద భారం పడకుండా చదివించడమంటే అదీ. కానీ గురుకులాల్లో సీట్లు కొన్నే. ఇప్పుడైతే అయిదో తరగతి సీటు కోసం నాలుగో తరగతి పిల్లల్ని డబ్బులు పెట్టి కోచింగ్‌కు పంపుతున్నారు.

1993లో ఉన్నికృష్ణన్ కేసులో 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు నడిచింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీదే. 2002లో ఆ హక్కును రాస్తూ రాజ్యాంగంలో 21ఎ అధికరణం చేరింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చదువు పూర్తి చేయడానికి అడ్డుపడే ఫీజు గానీ, ఛార్జీ గానీ, ఖర్చు గానీ పిల్లల మీద పడకూడదని చట్టం స్పష్టంగా చెప్పింది. అయితే ఆ హామీ ఎనిమిదో తరగతి దాకే. తొమ్మిది, పది తరగతులు దాని బయట ఉండిపోయాయి. ఆ 125 రూపాయలు ఈ సందులోంచే వచ్చాయి.

మినహాయింపు లేకపోలేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లల తల్లిదండ్రుల ఏడాది ఆదాయం పల్లెల్లో 20,000, పట్టణాల్లో 24,000 రూపాయల లోపు ఉంటే ఫీజు కట్టక్కర్లేదు. 20,000 అంటే రోజుకు 55 రూపాయలు కూడా కాదు. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆలుమగలు చెరో 33 రోజులు పనికి పోతే చాలు, ఆ హద్దు దాటిపోతారు. మిగతా ఏడాదంతా ఉత్త చేతులతో కూర్చున్నవాళ్లకే మినహాయింపన్నమాట. దాని కోసం ఆదాయ సర్టిఫికెట్ తేవాలి. మీసేవకు పోవాలి, దరఖాస్తుకు డబ్బు కట్టాలి, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఒక్కరోజు కూలి పోయినా ఫీజు కంటే ఎక్కువే నష్టం. అందుకే చాలామంది నోరు మూసుకుని 125 కట్టేస్తారు. ఇంత చిన్న హద్దును పెట్టి దాన్ని పేదలకు మినహాయింపు అనడం నాకు బాధగా ఉంటుంది.

పాఠ్యపుస్తకాలు, రెండు జతల బట్టలు, మధ్యాహ్న భోజనం ఇస్తున్నారు, ఈ మధ్య నోటుబుక్కులు కూడా. మేలే జరిగింది, కాదనను. మిగిలినవే జేబుకు తగులుతాయి: టై, బెల్టు, బూట్లు, గైడ్లు. 2020 సెప్టెంబర్‌లో, కరోనాకు బళ్లు మూసి ఉండగా టీవీ, ఫోన్ పాఠాలు మొదలైనప్పుడు అప్పు చేసి ఫోన్ కొన్న ఇళ్లు నాకు తెలుసు. 2022 మార్చి 8న వనపర్తిలో సర్కారు బళ్లను బాగుచేసే 'మన ఊరు మన బడి' పథకం మొదలైంది, అదే ఏడాది ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది. ఇంట్లో చెప్పేవాళ్లు లేక ట్యూషన్ ఖర్చు తోడైంది. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితం. బస్సు రాని తండాలో మాత్రం ఆడపిల్లైనా మగపిల్లాడైనా ఆటోకు ఇచ్చుకోవాల్సిందే. గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి (పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) పిల్ల పోతే వచ్చే కూలిని వదులుకుని, ఆమెను బడికి పంపే తల్లి లెక్క ఏ రసీదులోనూ ఉండదు.

కేంద్రం 2025లో విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో సర్కారు బడి పిల్లల మీద ఇంటివాళ్లు పెట్టే సగటు ఖర్చు ఏడాదికి 2,863 రూపాయలు. ప్రైవేటులో అది 25,002. తేడా చాలానే ఉంది. అదే సర్వేలో సర్కారు బడి పిల్లల్లో 26.7 శాతం మంది కోర్సు ఫీజు కట్టామని చెప్పారు.

దసరా దాటగానే మా వైపు కొన్ని ఇళ్లకు తాళాలు పడతాయి. తల్లిదండ్రులు పనులకు ముంబై, పుణె పోతే పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. ఒక బడిలో ఓ అవ్వ కొంగుముడి విప్పి, చెమటకు తడిసిన నోట్లు టేబుల్ మీద పరచడం చూశాను. సరిగ్గా 125. అప్పటికి గడువు దాటి రెండు రోజులైంది. ఆమె ఆ ముడిని మళ్లీ తడుముకుంది. అందులో ఇంకేం లేదు. ఆ 50 రూపాయల ఫైన్ సారే తన జేబులోంచి వేశారు.