ఎనిమీ గురి తప్పకూడదా? 2డీ గేముల్లో కాల్పుల కోడ్‌పై అపోహలు, వాస్తవాలు

కొత్తగా గేములు రాస్తున్నవాళ్ల కోడ్ చూసి పెట్టడం నా పనిలో పెద్ద భాగం. ప్లాట్‌ఫార్మర్ (మెట్లెక్కుతూ గెంతుతూ సాగే గేమ్) అయినా, పైనుంచి చూసే షూటర్ (కాల్పుల గేమ్) అయినా, ఎనిమీ కాల్పుల దగ్గరికి వచ్చేసరికి అందరి నోటా ఒకటే ప్రశ్న: "ఎనిమీ కాలుస్తోంది గానీ ఆడుతుంటే మజా రావట్లేదు. గురి ఇంకా పక్కా చేయాలా?" వద్దు. దాదాపు ప్రతిసారీ నా జవాబు ఇదే. గురిని చెక్కుతూ చెక్కుతూ విసిగిపోయి, మంచి ప్రాజెక్టుల్ని మధ్యలో వదిలేసినవాళ్లను చూశాను. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ ఒక్క అపోహకే. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: గురి ఎంత కచ్చితంగా ఉంటే ఎనిమీ అంత గట్టిది, గేమ్ అంత గొప్పది.

వాస్తవం: ప్లేయర్‌ని కొట్టడం ఎనిమీకి చిటికెలో పని. ప్లేయర్ ఎక్కడున్నాడో, ఎంత వేగంతో ఎటు వెళ్తున్నాడో, ఈ ఫ్రేములో (తెర మీద బొమ్మ ఒక్కసారి మారే క్షణంలో) ఏ బటన్ నొక్కాడో అన్నీ మీ ప్రోగ్రాముకు తెలుసు. తప్పించుకోవడానికి వీల్లేని తూటా రాయాలంటే నాలుగు లైన్లు చాలు. తప్పించుకోవడానికి దారి ఉండాలి, కానీ ఆ దారి ప్లేయర్ కష్టపడి కనిపెట్టుకోవాలి. మన పనంతా అక్కడుంది.

లెక్క వేసి చూద్దాం. మీ ప్లేయర్ వెడల్పు 32 పిక్సెల్స్, నడక సెకనుకు 200 పిక్సెల్స్. తూటా వెడల్పు 8 పిక్సెల్స్, వేగం సెకనుకు 400. తూటా దారిలోంచి పూర్తిగా పక్కకు రావాలంటే ప్లేయర్ 20 పిక్సెల్స్ జరగాలి, అంటే 0.1 సెకను. దానికి ముందు మనిషి కన్ను చూసి వేలు కదలడానికి పట్టే సమయం ఉంది. ఎదురుచూస్తున్న ఒకే ఒక్క సంకేతానికి సైతం 0.2 నుంచి 0.25 సెకను పడుతుంది. ఎటు జరగాలో ఆలోచించాల్సి వస్తే ఇంకా ఎక్కువ. రెండూ కలిపితే సుమారు 0.35 సెకను. ఆ సమయంలో మీ తూటా 140 పిక్సెల్స్ వచ్చేస్తుంది. అంటే 140 పిక్సెల్స్ లోపల నిలబడి హెచ్చరిక లేకుండా కాల్చిన ఏ ఎనిమీ అయినా ప్లేయర్‌కి జవాబు చెప్పే వీలే ఇవ్వలేదన్నమాట. అక్కడ నైపుణ్యానికి చోటు లేదు. దెబ్బ తిన్నవాడు "నేను సరిగ్గా ఆడలేదు" అనుకోడు, "ఇది అన్యాయం" అనుకుంటాడు. ఆ మాట అనుకున్న రెండోసారికో మూడోసారికో గేమ్ మూసేస్తాడు.

ఈ మధ్య ఒకమ్మాయి తన ప్లాట్‌ఫార్మర్ పట్టుకొచ్చింది. బొమ్మలు, సంగీతం చక్కగా కుదిరాయి. విలుకాళ్లున్న లెవెల్ దగ్గరే ఆడినవాళ్లంతా ఆగిపోతున్నారు. "బాణం సరిగ్గా తగలడం లేదేమో, అందుకే బోరు కొడుతోందేమో" అని ఆమె అనుమానం. రాత్రుళ్లు కూర్చుని గురి సూత్రాన్ని సరిచేస్తూ వస్తోంది. ఆడి చూశాను. విలుకాడు కనిపించిన ఫ్రేములోనే బాణం బయల్దేరుతోంది. కొన్నిసార్లు విలుకాడు తెర మీదకు రాకముందే బాణం వచ్చేస్తోంది. గురి కోడ్ జోలికి మేం వెళ్లనే లేదు. విల్లు వెనక్కి లాగే భంగిమను 0.4 సెకను నిలబెట్టాం, బాణం మొన దగ్గర చిన్న మెరుపు పెట్టాం, కెమెరా అంచు లోపలికి పూర్తిగా వచ్చాకే కాల్చాలని ఒక షరతు రాశాం. అదే లెవెల్‌ని మళ్లీ ఆడించినప్పుడు జనం చచ్చారు, మళ్లీ మొదలుపెట్టారు, దాటారు. ఆమె ముఖం చూసి నాకు సంతోషం, దానితోపాటు కోపం. ఇన్ని రాత్రుళ్లు ఆమె చేత గురి చెక్కించిన సలహాల మీద ఆ కోపం.

హెచ్చరిక పెట్టడంతో పని అయిపోదు. గురిని ఎప్పుడు బిగించాలన్నది ఇంకా ముఖ్యం, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఎనిమీ చేయి ఎత్తిన క్షణంలో దిశ తీసుకుని స్థిరపరిచారనుకోండి, హెచ్చరిక "ఎప్పుడు, ఎక్కడికి" అనే రెండూ చెబుతుంది. చివరి ఫ్రేము దాకా ప్లేయర్ వెంటే గురి తిప్పి అప్పుడు వదిలారనుకోండి, హెచ్చరిక "ఎప్పుడు" అన్నదే చెబుతుంది, ముందే జరిగినవాడికి లాభం ఉండదు. నేను సాధారణంగా మధ్యేమార్గం చెబుతాను: మొదట కాసేపు గురి తిప్పనివ్వండి, వదలడానికి 0.2 సెకను ముందు బిగించండి. లేజర్ లాంటి తక్షణ కాల్పులకైతే బిగించిన తర్వాత కనీసం 0.4 సెకను ఆగాల్సిందే, ఎందుకంటే అక్కడ ప్రయాణ సమయం సున్నా. సులభం, కష్టం అనే స్థాయిలు కావాలంటే బిగించడానికీ వదలడానికీ మధ్య ఉన్న ఈ సమయాన్ని మార్చండి. తూటా చేసే నష్టాన్ని రెట్టింపు చేయడం కన్నా ఇది ఎంతో మేలు.

ఇక్కడే ఇంకో భయం గురించి చెప్పాలి. ప్లేయర్ పరిగెత్తుతుంటే నేరుగా గురిపెట్టిన తూటా వెనకే పడిపోతుంది. అది చూసి "ముందుగా ఊహించి కాల్చాలి, దానికి వర్గ సమీకరణం కావాలి, నాకు లెక్కలు రావు, నేను గేములకు పనికిరాను" అని తమను తామే తక్కువ చేసుకునేవాళ్లు ఎక్కువమంది. దయచేసి అలా అనుకోకండి. సమీకరణం లేకుండానే పని అవుతుంది. దూరాన్ని తూటా వేగంతో భాగించండి, ఎంతసేపట్లో చేరుతుందో వస్తుంది. ఆ సమయానికి ప్లేయర్ ఎక్కడుంటాడో అక్కడికి గురిపెట్టండి. ఆ కొత్త చోటుకి దూరం మళ్లీ కొలిచి ఇంకోసారి అదే లెక్క చేయండి. పై అంకెలతోనే చూద్దాం: 400 పిక్సెల్స్ దూరంలో ప్లేయర్ అడ్డంగా పరిగెడుతున్నాడు. మొదటి లెక్కలో 200 పిక్సెల్స్ ముందుకు గురి కుదురుతుంది, అది మూడు నాలుగు పిక్సెల్స్ తేడాతో తప్పిపోతుంది. రెండో లెక్కలో 224 వస్తుంది, తగులుతుంది. అసలు జవాబు 231కి దగ్గర. ఇంతకు మించి కచ్చితత్వం ఎవరికి కావాలి? సమీకరణమే రాస్తానంటే రాయండి, కానీ మూడు గోతులు చూసుకోండి: తూటా వేగం, ప్లేయర్ వేగం సమానమైతే సున్నాతో భాగహారం వస్తుంది, వర్గమూలం కింద రుణసంఖ్య వస్తే తూటా ఎప్పటికీ అందుకోలేదని అర్థం, రెండు జవాబులు వస్తే ధనసంఖ్యల్లో చిన్నది తీసుకోవాలి.

అయితే ఊహించి కాల్చే ఎనిమీ "తెలివైనది", నేరుగా కాల్చేది "మొద్దు" అనే లెక్క తప్పు. నేరుగా వచ్చే తూటాకు జవాబు కదలడం. ఊహించి వచ్చే తూటాకు జవాబు ఆగడం, లేదా దిశ మార్చడం. రెండూ ప్లేయర్‌ని అడిగేవి వేరు. అన్ని ఎనిమీలూ ఊహించి కాలిస్తే ప్లేయర్ ఎడమ, కుడి బటన్లు మార్చి మార్చి నొక్కుతూ అన్నిటినీ ఒకే తీరుగా బోల్తా కొట్టిస్తాడు. గాల్లోకి ఎగిరితే ఆ వేగం చూసి ఎనిమీ ఆకాశంలోకి కాలుస్తుంది. ఒకటి నేరుగా, ఒకటి ఊహించి, ఒకటి ప్లేయర్‌తో సంబంధమే లేకుండా కాలిస్తే అప్పుడు ఆట మొదలవుతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1978లో టైటో కంపెనీ తెచ్చిన స్పేస్ ఇన్‌వేడర్స్ గేములో ఎనిమీ తూటాలు మూడు రకాలు. వాటిలో ప్లేయర్ ఉన్న నిలువు వరస చూసి వదిలేది ఒక్కటే. మిగతా రెండూ ముందే రాసిపెట్టుకున్న వరసల పట్టిక ప్రకారం పడతాయి. మూడింట్లో ఒక్కదానికే గురి ఉంది, అయినా ఆడుతున్నవాడికి ఆ గుంపు మొత్తం తన మీదకే వస్తున్నట్టు ఉంటుంది. తెరంతా తూటాలతో నింపే షూటర్లది కూడా ఇదే దారి. విసనకర్రలా విచ్చుకునే తూటాల సంఖ్య బేసి అయితే నడిమి తూటా కదలకుండా నిలబడ్డవాణ్ణి కొడుతుంది. సరిసంఖ్య అయితే నిలబడ్డవాడు రెండు తూటాల సందులో బతుకుతాడు, కంగారుపడి కదిలినవాడు తగులుకుంటాడు. ఐదుకీ ఆరుకీ తేడా ఒక్క తూటానే, కానీ ప్లేయర్ చేయాల్సిన పని తలకిందులైంది. ఆ గేముల్లో చాలావాటిలో ప్లేయర్ హిట్‌బాక్స్ (తూటా తగిలితే లెక్కలోకి వచ్చే భాగం) బొమ్మ కన్నా బాగా చిన్నది, కొన్నిటిలో ప్లేయర్ బాగా దగ్గరికొస్తే ఎనిమీ కాల్చడం మానేస్తుంది. ఇవన్నీ గురిని తగ్గించే పనులే. చేసినవాళ్లకు గురి రాయడం రాకనా?

ఇక మిగతావి.

"ఎనిమీకి మెషిన్ లెర్నింగ్ పెట్టకపోతే ఈ రోజుల్లో ఎవరూ ఆడరు." ఎవరు పుట్టించారో గానీ ఈ మాట విని విని విసుగొచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? చూడటం, హెచ్చరించడం, కాల్చడం, సేదతీరడం. ఒకదాని నుంచి ఇంకోదానికి మారే ఈ నాలుగు స్థితులున్న స్టేట్ మెషీన్‌తో చాలా 2డీ గేముల పని పూర్తవుతుంది. సేదతీరే స్థితిని తీసేయకండి, ప్లేయర్ ఎదురుదాడి చేసేది అప్పుడే.

"ప్రతి ఫ్రేములో ఒక శాతం అవకాశంతో కాలిస్తే సహజంగా ఉంటుంది." ఉండదు. సెకనుకు 60 ఫ్రేములు చూపే తెర మీద సగటున 1.67 సెకన్లకు ఒక తూటా వస్తుంది, 144 హెర్ట్జ్ (సెకనుకు 144 ఫ్రేముల) తెర మీద అదే కోడ్ 0.69 సెకనుకు ఒకటి కాలుస్తుంది. మంచి మానిటర్ కొన్నవాడికి గేమ్ రెట్టింపుకన్నా కష్టమైపోతుంది. పైగా 60 ఫ్రేముల దగ్గర కూడా ఐదు సెకన్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయే అవకాశం సుమారు 5 శాతం, కాల్చిన పది ఫ్రేముల్లోపే మళ్లీ కాల్చే అవకాశం 10 శాతానికి దగ్గర. కాల్చిన ప్రతిసారీ 1.2, 2 సెకన్ల మధ్య ఒక సమయాన్ని ఎంచుకుని టైమర్‌లో పెట్టండి, డెల్టా టైమ్‌తో (గత ఫ్రేము నుంచి గడిచిన సమయంతో) తగ్గించండి. ఐదు ఎనిమీలు ఒకేసారి పుడితే ఐదూ ఒకేసారి కాల్చకుండా మొదటి టైమర్లను అటూ ఇటూ చేయండి. గుంపు పెద్దదైతే ఏ క్షణంలోనైనా ఇద్దరికే కాల్చే అనుమతి ఇవ్వండి.

"తూటా గోడలోంచి దూరిపోతోంది, ఇంజిన్‌లో బగ్." ఇంజిన్‌ని అనకండి. సెకనుకు 1200 పిక్సెల్స్ వెళ్లే తూటా 60 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకు 20 పిక్సెల్స్ దూకుతుంది. 8 పిక్సెల్స్ గోడకు ఇవతల ఒక ఫ్రేము, అవతల ఇంకో ఫ్రేము. పాత చోటు నుంచి కొత్త చోటు వరకు గీతలా తనిఖీ చేయండి. "ఎనిమీ తనను తానే కాల్చుకుంటోంది", "అడ్డేమీ లేకపోయినా ప్లేయర్ కనబడటం లేదంటోంది" అనే రెండిటికీ చాలాసార్లు కారణం ఒకటే: తూటాకో రేకాస్ట్‌కో (అడ్డేమైనా ఉందా అని చూసే ఊహా గీతకో) మొదట తగిలింది ఎనిమీ సొంత కొలైడరే (ఢీకొనడాన్ని పసిగట్టే ఆకారమే). ఏది దేనికి తగలాలో నిర్ణయించే లేయర్లు విడదీయండి.

"గురికి త్రికోణమితి తప్పనిసరి." ఎనిమీ నుంచి ప్లేయర్ వైపు చూపే దిశ వెక్టర్‌ని నార్మలైజ్ చేసి (పొడవు ఒకటికి కుదించి) వేగంతో గుణిస్తే చాలు. కోణం కావాల్సింది స్ప్రైట్ (తెర మీది బొమ్మ) తిప్పడానికే. ఇద్దరూ ఒకే బిందువు మీద ఉంటే పొడవు సున్నా అవుతుంది, ఆ ఒక్క సందర్భం చూసుకోండి. గోడో (Godot) ఇంజిన్‌లో 2డీ వై అక్షం కిందికి పెరుగుతుంది, యూనిటీ ఇంజిన్‌లో పైకి. నకలు చేసిన కోడ్‌లో తూటాలు తలకిందులుగా వెళ్తే ముందు అది చూడండి.

"తూటాలకు పూల్ పెడితే ఇక చింత లేదు." పూల్ (ముందే చేసిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకునే తూటాల నిల్వ) మంచిదే, తీసుకున్న తూటా తిరిగి వచ్చినంతవరకు. 1981 నాటి గెలగా అనే గేములో ఎనిమీలు కాల్చడం పూర్తిగా మానేసే పేరుమోసిన లోపం ఇలాంటిదే. తూటాలకు కేటాయించిన కొద్దిపాటి స్థానాలు ఖాళీ కాకుండా చిక్కుకుపోతాయి, అన్నీ నిండాక కొత్త తూటాకు చోటుండదు. మీ ఎనిమీ కాసేపు బాగా కాల్చి ఆ తర్వాత మౌనంగా ఉండిపోతుంటే గురి కోడ్ తెరవకండి. పూల్‌లో ఎన్ని తూటాలు వాడకంలో ఉన్నాయో తెర మూలన ప్రింట్ చేసి, ఆ అంకె తగ్గుతోందో లేదో చూడండి.