రిఫరల్ మీద వచ్చేవాళ్లూ ముందు వెతికే వస్తారు: వృత్తి సేవల సంస్థల కంటెంట్ మార్కెటింగ్‌పై అపోహలు - వాస్తవాలు

నగరం నడిబొడ్డున ఆఫీసులన్నీ ఒకచోట గుమిగూడిన ప్రాంతంలో ఒకే భవనంలో నాలుగు లా ఫర్ములు, మూడు ఆడిట్ సంస్థలు, ఇద్దరు ఆర్కిటెక్టులు ఉండటం మామూలే. లిఫ్టు పక్కన బోర్డు మీద పేర్లన్నీ ఒకే సైజులో ఉంటాయి. వెబ్‌సైట్లు తెరిచినా అదే తంతు: ‘సుదీర్ఘ అనుభవం, నిబద్ధత, క్లయింటే మాకు ముఖ్యం’. పేరు చెరిపేస్తే ఏ సైటు ఎవరిదో ఆ సంస్థలవాళ్లే చెప్పలేరు. క్లయింట్లకు పనికొచ్చే విషయాలు రాసి పెట్టి వాళ్ల నమ్మకం సంపాదించడమే కంటెంట్ మార్కెటింగ్. చాలాచోట్ల అది జరగకపోవడానికి కారణం డబ్బు చాలకపోవడం కాదు, ఏళ్ల తరబడి పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు.

అపోహ: మాకు పనంతా రిఫరల్ మీదే, అంటే తెలిసినవాళ్లు చెప్పడం వల్లే వస్తుంది. కంటెంట్ మాకెందుకు?

రిఫరల్ మీద వచ్చేవాళ్లకే అది ఎక్కువ అవసరం. పాత క్లయింటో, బ్యాంకు మేనేజరో రెండు మూడు పేర్లు చెబుతారు. విన్నవాళ్లు ఫోన్ చేసేముందు ఆ పేర్లను ఒక్కొక్కటిగా వెతుకుతారు. ఒక సైటులో ‘మా సేవలు’ జాబితా ఉంటుంది. మరో సైటులో సరిగ్గా వాళ్ల సమస్య మీదే ఒక పేజీ ఉంటుంది, దాని కింద ఆ పని చేసే మనిషి పేరు ఉంటుంది. ఫోన్ రెండో చోటికి వెళ్లే అవకాశమే ఎక్కువ.

కాబట్టి కొత్తగా ఏదైనా రాసేముందు సంస్థ పేరు, భాగస్వాముల పేర్లు విడివిడిగా వెతికి చూడండి. ఖాళీ చేసిన పాత చిరునామా, ఎప్పుడో వెళ్లిపోయిన భాగస్వామి ఫోటో, మూడేళ్ల కిందట ఆగిపోయిన ‘తాజా వార్తలు’ పేజీ కనిపిస్తే ముందు వాటిని సరిచేయాలి. అసలు వార్తల పేజీ లేకపోయినా నష్టం లేదు గానీ, ఆగిపోయిన పేజీ ఉంటే సంస్థ నడుస్తోందా లేదా అన్న అనుమానం వస్తుంది.

అపోహ: నడిబొడ్డున చిరునామా ఉంది కాబట్టి మ్యాప్‌లో మనమే పైన వస్తాం.

స్థానిక ఫలితాల వరుసను ప్రధానంగా వెతికినదానితో సంబంధం, వెతికేవాళ్ల నుంచి దూరం, సంస్థ ప్రాచుర్యం చూసి నిర్ణయిస్తామని గూగులే చెబుతుంది. ఒకే వీధిలో ఇరవై ఆఫీసులుంటే దూరం అందరికీ దాదాపు ఒకటే, ఇక దాంతో ఒరిగేదేమీ లేదు. శివార్ల నుంచి వెతికేవాళ్ల విషయంలో ఆ చిరునామా ఎదురు తిరుగుతుంది కూడా. ఒకే భవనంలో ఒకే కేటగిరీ సంస్థలు ఎక్కువైతే కొన్ని జూమ్ చేస్తే గానీ కనపడవు.

మన చేతిలో ఉన్నది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌ను, అంటే మ్యాప్‌లో కనిపించే సంస్థ వివరాలను కచ్చితంగా నింపడం. ప్రధాన కేటగిరీగా ‘న్యాయవాది’ అని వదిలేయకుండా, చేసే పనికి దగ్గరి కేటగిరీ ఉంటే అదే ఎంచుకోవాలి. పేరు బోర్డు మీద ఎలా ఉంటే అలాగే ఇవ్వాలి. పేరు వెనక ‘బెస్ట్ ట్యాక్స్ కన్సల్టెంట్’ తగిలిస్తే అది నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. వివరణకు 750 అక్షరాల వరకే చోటు. పని వేళల్లో మన మనుషులెవరూ కూర్చోని వర్చువల్ ఆఫీసు చిరునామా చెల్లదు.

ఇంకొకటి, దాదాపు ఎవరూ పట్టించుకోనిది: దారి చెప్పే పేజీ. ఏ గేటు నుంచి లోపలికి రావాలి, విజిటర్ పార్కింగ్ ఎక్కడ, ఏ టవర్ లిఫ్టు ఎక్కాలి, కింద సెక్యూరిటీ దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారా. రెండు ఫోటోలు, ఐదారు వాక్యాలు చాలు. మీటింగ్ ఖరారు చేసే మెయిల్‌లో ఆ లింకు పెడితే ‘కిందే ఉన్నాను, ఎటు రావాలి’ అన్న ఫోన్లు తగ్గుతాయి.

అపోహ: వారానికి రెండు పోస్టులు, ఒక్కోటి రెండు వేల పదాలు ఉండాలి. రాయడం ఏజెన్సీ చూసుకుంటుంది.

పదాల లెక్క మీద తమకు ఇష్టాయిష్టాలేమీ లేవని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. పైగా బయటి రచయితకు దొరికేది ఇంటర్నెట్‌లో ఇప్పటికే ఉన్న సమాచారమే. దాన్నే తిప్పి రాస్తే ఆ రంగం తెలిసినవాడు రెండో పేరాలోనే పట్టేస్తాడు. నెలకు ఒక్కటైనా సరే, పని చేసేవాడి నోటి నుంచి వచ్చిందైతే నాలుగు పలచటి పోస్టుల కంటే మేలు.

విషయాలు రిసెప్షన్ దగ్గరా మెయిల్‌లోనూ దొరుకుతాయి. రెండు వారాల పాటు ఫోన్లో అడిగిన ప్రతి ప్రశ్ననూ అడిగినవాళ్ల మాటల్లోనే ఒక నోటుబుక్కులో రాయించండి. మరోపక్క భాగస్వాములు పంపిన మెయిళ్లలో పొడుగాటి జవాబులు వెతకండి. ఒకే జవాబు మూడుసార్లు టైపు చేశారంటే అది పేజీ కావాల్సిన విషయమే.

తర్వాత భాగస్వామిని రాయమని అడగకండి. వచ్చే నెల అంటారు, ఆ నెల రాదు. 30 నిమిషాలు కూర్చోబెట్టి, రికార్డు చేస్తూ మూడే ప్రశ్నలు అడగండి: ఈ పనిలో జనం ఎక్కడ తప్పు చేస్తారు? మీ దగ్గరికి వచ్చేసరికే చేయి దాటిపోయిన పరిస్థితి ఏది? ఎవరికి ఈ సేవ అక్కర్లేదని చెప్పి పంపేస్తారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబే సాధారణంగా పేజీలో అన్నిటికంటే పనికొచ్చే భాగం. జూనియర్ ముసాయిదా రాస్తాడు, భాగస్వామి వాస్తవాలు మాత్రమే సరిచూస్తాడు. ఆమోదించేది ఒక్కరే ఉండాలి. నలుగురు భాగస్వాముల చేతులు మారితే ప్రతి పదునైన వాక్యం పక్కన ‘సాధారణంగా’, ‘పరిస్థితిని బట్టి’ చేరి చివరికి చప్పగా తయారవుతుంది.

పేజీలో మొదటి మూడు వాక్యాల్లో జవాబు రావాలి. ఆ తర్వాత ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, ఏ కాగితాలు కావాలి, ఎన్నాళ్లు పడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది. చివర రాసినవారి పేరు, అర్హత, సరిచూసిన తేదీ. చట్టమో రేటో మారినప్పుడు నిజంగా సవరించి ఆ తేదీ మార్చాలి. విషయం ముట్టుకోకుండా తేదీ మాత్రం మార్చి తాజాగా చూపించడాన్ని గూగుల్ తప్పుబడుతుంది. పాత రేటు చూసి మోసపోయిన క్లయింటు అంతకంటే గట్టిగా తప్పుబడతాడు.

అపోహ: తెలిసిందంతా చెప్పేస్తే వాళ్లే చేసుకుంటారు.

సొంతంగా చేసుకోగలిగినవాళ్లు ఎలాగూ మన దగ్గరికి రారు. మిగతావాళ్లకు దశలన్నీ వరుసగా చూశాకే ఎన్ని చోట్ల తేడా రావచ్చో అర్థమవుతుంది. ఫీజు అంకె చెప్పలేకపోతే, అది దేన్ని బట్టి పెరుగుతుందో చెప్పండి: లావాదేవీల సంఖ్య, శాఖలు, గడువు, రికార్డుల స్థితి.

అపోహ: పేరు తీసేస్తే కేస్ స్టడీ (ఒక క్లయింటుకు చేసిన పని కథ) పెట్టుకోవచ్చు.

ఆఫీసులన్నీ పక్కపక్కనే ఉండేచోట ఇది ప్రమాదం. ‘ఒక మందుల ఎగుమతి సంస్థ, ముగ్గురు అన్నదమ్ములు, వాటాల గొడవ’ అంటే పై అంతస్తులో వాళ్లకు ఎవరో తెలిసిపోతుంది. రంగం, డబ్బు మొత్తం, సమయం, కుటుంబ వివరం, ఈ నాలుగింటిలో రెండు కలిస్తే చాలు మనిషి దొరికిపోతాడు. ప్రచురించబోయే పాఠాన్నే క్లయింటుకు చూపించి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అది కుదరకపోతే ఒక కేసు కథ వదిలి, తరచూ ఎదురయ్యే సమస్యగా రాయడం మంచిది.

అపోహ: ఇప్పుడు ఏఐతో రోజుకు పది పేజీలు పెట్టొచ్చు.

ఏఐతో రాయడం తప్పు కాదని గూగుల్ 2023 ఫిబ్రవరిలోనే చెప్పింది. కానీ ర్యాంకుల కోసం గంపగుత్తగా పేజీలు పుట్టించడాన్ని 2024 మార్చిలో స్పామ్ విధానాల్లో చేర్చింది, అది మనిషి చేసినా యంత్రం చేసినా ఒకటే. వృత్తి సంస్థకు అసలు ముప్పు ర్యాంకు కాదు. చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. రికార్డింగును పాఠంగా మార్చడానికి, ముసాయిదాను కుదించడానికి ఏఐని వాడుకోండి. సెక్షన్, తేదీ, రేటు, తీర్పు మాత్రం మూలపత్రం తెరిచి మనిషే చూడాలి. క్లయింటు కాగితాలు అందులో వేయకూడదు.

అపోహ: సొంత ప్రచారం అందరూ పెడుతున్నారు కాబట్టి మనమూ పెట్టొచ్చు.

వృత్తి మండలి నియమాలు దేశానికొక తీరు. అమెరికాలో న్యాయవాదుల ప్రకటనలకు సుప్రీంకోర్టు 1977లోనే దారి తెరిచింది. భారత్‌లో బార్ కౌన్సిల్ 36వ నియమం పని కోసం ప్రచారం చేసుకోవడాన్ని నిషేధిస్తుంది, వెబ్‌సైటులో పేరు, చిరునామా, అర్హతలు, ప్రాక్టీసు రంగాల వంటి వివరాలకు 2008 సవరణ వీలిచ్చింది. ‘నంబర్ వన్’, గెలిచిన కేసుల శాతం, క్లయింట్ల పొగడ్తలు, ఈ మూడింటినీ పెట్టేముందు నియమం చదవాలి.

అపోహ: వ్యూస్ పెరిగితే పని చేస్తున్నట్టే.

పదివేల మంది విద్యార్థులు చదివిన పేజీ కంటే ఇరవై మంది ఫైనాన్స్ హెడ్‌లు చదివిన పేజీ విలువైనది. వాట్సాప్‌లో పంపిన లింకు ద్వారా వచ్చినవాళ్లు అనలిటిక్స్‌లో (సైటుకు ఎవరు ఎటునుంచి వచ్చారో లెక్కించే సాధనం) తరచూ ‘డైరెక్ట్’ కిందే, అంటే నేరుగా వచ్చినవాళ్లుగానే పడతారు కాబట్టి ఆ లెక్క ఎప్పుడూ సగమే చెబుతుంది. మిగతా సగం మొదటి ఫోన్ ఎత్తినవాళ్ల దగ్గరుంటుంది. ఒక షీటులో ఐదు గడులు చాలు: తేదీ, ఎవరు పంపారు, ఏ పేజీ చూశారు, మనకు తగిన పనేనా, ఒప్పందం అయిందా. ‘మా గురించి ఎలా తెలిసింది’ అని అడిగితే ‘ఫ్రెండ్ చెప్పారు’ అని ఆగిపోతారు. ‘ఫోన్ చేసేముందు మా సైటులో ఏం చూశారు’ అని కూడా అడగాలి. గూగుల్‌లో ఏం వెతికి మన సైటుకు వచ్చారో చూపే సెర్చ్ కన్సోల్ 16 నెలల వివరాలే ఉంచుతుంది, అందుకే మూడు నెలలకోసారి దించి దాచుకోండి.