మొటిమల మాత్ర, మెదడు చుట్టూ దడి

పోయిన సంక్రాంతికి పాలకొండ వెళ్లినప్పుడు మా చిన్నాన్న కూతురు నన్ను పెరట్లోకి తీసుకెళ్లి గుప్పిట విప్పింది. చేతిలో ఒక మాత్రల అట్ట. "అప్పా, ఇది మొటిమలకిచ్చే బిళ్లేనట. నా నరాల జబ్బు దీంతో తగ్గిపోద్దని ఫోన్లో వచ్చింది. ఏసుకోమంటావేటి?" అంది. అట్ట మీద మినోసైక్లిన్ అని ఉంది.

దానికి 28 ఏళ్లు. దసరా రోజుల్లో ఎడమ కంటికి మసక కమ్మింది. కన్ను తిప్పితే నొప్పి. కుడి కన్ను మూసుకుని చూస్తే దండెం మీది ఎర్ర చీర వెలిసిపోయినట్టు కనిపించేదట. విశాఖలో ఎమ్మారై తీశారు, స్టెరాయిడ్ ఎక్కించారు, చూపు తిరిగొచ్చింది. "ఇది మల్టిపుల్ స్క్లిరోసిస్‌కి మొదలు కావచ్చు, కాకపోనూ వచ్చు" అన్నారు డాక్టరు. ఆ "కావచ్చు" దాని కంటి మీద కునుకు లేకుండా చేసింది.

ఫోన్లో వచ్చిన కబురు పూర్తిగా అబద్ధమైతే ఒక్క ముక్కలో వద్దనేదాన్ని. కానీ అందులో కొంత నిజం ఉంది.

నరం పోగును చెరకు గడలా ఊహించుకోండి. కణుపుకీ కణుపుకీ మధ్య మైలిన్ అనే కొవ్వు తొడుగు చుట్టుకుని ఉంటుంది. మెదడు పంపే సంకేతం ఒక కణుపు నుంచి ఇంకో కణుపుకు గెంతుకుంటూ పోతుంది కాబట్టే అంత వేగం. మల్టిపుల్ స్క్లిరోసిస్‌లో ఆ తొడుగు ఊడిపోతుంది. ఊడిన చోట సంకేతం మందగిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. కంటి నరంలో ఊడితే చూపు మసక, వెన్నుపాములో ఊడితే కాళ్లు మొద్దుబారడం.

తొడుగును ఊడదీసేది మన ఒంట్లోని రక్షక కణాలే. మామూలుగా అవి మెదడులోకి గుంపుగా చొరబడలేవు. మన ఊళ్లలో కూరగాయల మడి చుట్టూ కంపతో దడి కట్టినట్టు, నెత్తురుకీ మెదడుకీ మధ్య కూడా ఒక దడి ఉంది. ఈ జబ్బులో రక్షక కణాలు కొన్ని ఎంజైములను వదులుతాయి. ఎమ్ఎమ్‌పీ-9 అనేది వాటిలో ఒకటి. అవి దడి కట్లను కొడవలిలా కోసేస్తాయి. లోపలికొచ్చిన కణాలు మైలిన్‌ని పరాయి సరుకనుకుని మేసేస్తాయి.

మినోసైక్లిన్ ఆ కొడవలి పదును తగ్గిస్తుంది. మెదడులో కాపలా ఉండే మైక్రోగ్లియా కణాల ఉద్రేకాన్ని కూడా చల్లారుస్తుంది. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ జాతిలో కొవ్వులో బాగా కరిగేది కాబట్టి మెదడులోకి బాగానే చేరుతుంది. సూక్ష్మజీవుల్ని అణచడం దాని ఒక పనైతే, ఇది వేరే పని. "నాకేదో పురుగు పట్టిందేమో, ఈ బిళ్ల దాన్ని చంపుతాదేమో" అనుకుంది మా చెల్లి. అలా కాదని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఈ మాత్ర పుట్టింట్లో ఒక తెలుగాయన ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడే, అక్కడ బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఏడే సుబ్బారావు గారు పోయారు. 1960ల్లో అదే లెడర్లీలో మినోసైక్లిన్ తయారైంది.

చిట్టెలుకల్లో మేలు కనిపించాక, కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో లువాన్ మెట్జ్ బృందం మనుషుల్లో పరీక్ష పెట్టింది. సరిగ్గా మా చెల్లిలాంటి వాళ్లే, మొదటి దెబ్బ మాత్రమే తగిలినవాళ్లు, 142 మంది. కొందరికి 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, మిగతావాళ్లకు మందు లేని మాత్ర. 2017లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల్లో జబ్బు ఖాయమైనవాళ్లు మందు లేని గుంపులో 61 శాతం, మందు వాడిన గుంపులో 33.4 శాతం. చిన్న తేడా కాదిది. అయితే రెండేళ్లు తిరిగేసరికి రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా నిలవలేదు. ఫోన్ కబురులో మొదటి సగమే ఉంది.

నన్ను ఇంకా భయపెట్టింది ఏఎల్ఎస్ అనే మరో నరాల జబ్బు కథ. అక్కడా ఎలుకల్లో ఆశ పుట్టింది. 412 మంది మీద పెద్ద మోతాదుతో చూస్తే, 2007లో తేలిందేమిటంటే మినోసైక్లిన్ వాడినవాళ్లు 25 శాతం వేగంగా క్షీణించారు. నరాలకు మంచిదట కదా అని ఒక జబ్బు నుంచి ఇంకో జబ్బుకు మందును మోసుకుపోతే ఏమవుతుందో ఆ రోగులు అనుభవించారు.

యాంటీబయోటిక్ చుట్టరికం నిజంగా ఫలించినది ఇంకొకటుంది. పురుగుల మీద మొలిచే ఒక శిలీంధ్రంలో మైరియోసిన్ అనే పదార్థం దొరికింది. శిలీంధ్రాలను చంపే గుణం దానికి ముందే తెలుసు. క్యోటోలో తెత్సురో ఫుజిటా బృందం దాన్ని మార్చి మార్చి ఫింగోలిమోడ్ చేసింది. ఆ మందు రక్షక కణాలను లింఫ్ గ్రంథుల్లోనే ఆపేస్తుంది, దడి దాకా రానివ్వదు. 2010లో అమెరికాలో మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు నోటితో వేసుకునే మొదటి మందుగా అనుమతి పొందింది. మొదటి మాత్ర వేశాక ఆరు గంటలు గుండె వేగం చూస్తూ కూర్చోబెడతారు, అంత బలమైనది.

మినోసైక్లిన్‌కి ఈ జబ్బులో అలాంటి అనుమతి లేదు. తల తిరగడం, చర్మం నల్లబడటం, అరుదుగా తలలో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు రావడం దానితో ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు వాడితే బిడ్డ పళ్లకు రంగు పడుతుంది. ఈ మాట చెప్పగానే చెల్లి తలెత్తి చూసింది. రెండో కాన్పు సంగతి ఇంట్లో నడుస్తోందని అప్పుడు చెప్పింది.

అట్ట నా చేతిలో పెట్టేసింది. కొడుకు నోట్‌బుక్కులోంచి కాగితం చింపి, విశాఖ డాక్టరుని అడగాల్సినవి రాసుకుంది. మళ్లీ ఎమ్మారై ఎప్పుడు? ఇప్పుడే మందు మొదలుపెట్టాలా? ఆ మందు వాడుతుండగా బిడ్డని కనొచ్చా? మూడోదాన్ని కొట్టేసి, అన్నిటికంటే పైన మళ్లీ రాసింది.