కుసామా తెల్ల వలలు: జబ్బు చేయించిన పనా, చేయి తిరిగిన పనా?

జపాన్ చిత్రకారిణి యాయోయి కుసామా 1959లో వేసిన తైలవర్ణ చిత్రం ఏదైనా వేలానికి వచ్చిందంటే చాలు, పాత పేచీ మళ్లీ లేస్తుంది. 2022 మేలో న్యూయార్క్‌లో ఫిలిప్స్ వేలం సంస్థ అమ్మిన ఆ ఏటి వల చిత్రం (చిన్న వంపులు అల్లుకుని వలలా కనిపించేది) కోటి డాలర్లు దాటింది. అంత ధర చిత్రానికా, లేక దాని వెంట తిరిగే మానసిక అనారోగ్యపు కథకా అన్నదే గొడవ.

జపాన్ పట్టణం మత్సుమొతోలో బాల్యం, పూల టేబుల్‌క్లాత్ చూసి కలిగిన భ్రాంతి, అమెరికా చిత్రకారిణి జార్జియా ఓకీఫ్‌కు రాసిన ఉత్తరం అందరూ చెప్పేవే కాబట్టి వదిలేద్దాం. తేల్చాల్సిన సంగతి 1959 అక్టోబరులో ఉంది.

న్యూయార్క్ పదో వీధిలో చిత్రకారులే కలిసి నడుపుకునే బ్రాటా గ్యాలరీలో ఆమె ఐదు భారీ తెల్ల కాన్వాసులు పెట్టింది. ఆ చుట్టుపక్కల అప్పుడు అమెరికా చిత్రకారుడు డి కూనింగ్ తరహా కుంచె విసురుదే రాజ్యం. ఒక్కో గీతలో చిత్రకారుడి ఊపు కనిపించాలి. కుసామా గీత చూస్తే మణికట్టు కాస్త తిప్పితే పడే చిన్న వంపు, అంతే. దాన్ని ఆనుకుని ఇంకోటి, ఆ పక్కన మరోటి. ఇది ముఖ్యం, అది అప్రధానం అనే తేడా కాన్వాసులో ఎక్కడా ఉండదు.

అప్పట్లో సమీక్షలు రాస్తున్న డొనాల్డ్ జడ్ ఆమెను స్వతంత్ర ప్రతిభ గల చిత్రకారిణి అన్నాడు. నల్లటి పూత, పల్చటి తెలుపు, లెక్కలేనన్ని చిన్న వంపులు, ఉపరితలానికి దగ్గరగానే ఆగిపోయే లోతు: ఆయన రాసింది వీటి గురించి. తాను కూడా ఆమె చిత్రం కొనుక్కున్నాడు. ఆయన దగ్గరున్న ‘నంబర్ 2’ 2008లో క్రిస్టీస్ వేలంలో సుమారు 58 లక్షల డాలర్లు పలికింది. 1960లో జర్మనీలోని లెవర్‌కూసెన్ మ్యూజియం ఏకవర్ణ (ఒకే రంగు) చిత్రాల ప్రదర్శన పెట్టి ఐరోపా చిత్రకారులు ఈవ్ క్లైన్, ఫోంతానా, మంజోనీల సరసన ఆమెనూ చేర్చింది. అక్కడా చర్చ రంగు మీదే.

చిత్రానికి దగ్గరగా వెళ్తే ఆ పని పద్ధతి బయటపడుతుంది. వల కన్నుల్లో కనిపించే బూడిద రంగు విడిగా కలిపి పూసింది కాదు. నలుపు మీద తెలుపు పల్చగా పరచుకుంటే పుట్టే ఛాయ అది. కింది పొర ఆరకముందే పైన కుంచె పెడితే నలుపు పైకి లేచి తెలుపంతా మురికవుతుంది. నూనెలో కలిపిన నలుపు అసలే నెమ్మదిగా ఆరే రకం. వంపుల దగ్గర గట్టుకట్టిన రంగుకు పైన పొర కట్టినా లోపలి తడి చాలాకాలం పోదు. ఈ పనికి ఆవేశం ఒక్కటే చాలదు, ఆగడం తెలియాలి. క్యోటోలో జపనీయ సంప్రదాయ చిత్రకళ నేర్చి, న్యూయార్క్ రాకముందే విత్తనాల గోనెల మీద నూనె రంగులు, ఎనామిల్ వాడి చూసిన మనిషికి పొరల సంగతి ఒకరు చెప్పాలా?

ఇక జబ్బే ఈ చిత్రాలు వేయించిందనే వాదానికి ఆధారం ఆమె మాటే. వల కాన్వాసు దాటి బల్ల మీదికి, గోడల మీదికి, తన ఒంటి మీదికి పాకిందని ఆమే చెప్పింది. 1952లోనే మత్సుమొతోలో ఒక మానసిక వైద్యుడు ఆమె చిత్రాలపై ఆసక్తి చూపాడు. 1973లో జపాన్ తిరిగి వెళ్లాక, 1977 నుంచి టోక్యోలోని ఆసుపత్రిలో తనంతట తానే ఉండిపోయి, దగ్గర్లోని స్టూడియోలో పనిచేస్తూ వచ్చింది. ఆ బాధ నిజం. కానీ ఆసుపత్రి ఏళ్ల కథను వెనక్కి లాగి బ్రాటా గోడలకు తగిలించడమే వేలం సంస్థలు అచ్చేసే పుస్తకాలు చేసే పని.

పైగా అందులో ఇంకో కలగాపులగం ఉంది. తర్వాతి దశాబ్దాల వలలు ఎక్కువగా అక్రిలిక్, అంటే నీటితో కలిపే ప్లాస్టిక్ రకం రంగు. అది త్వరగా ఆరుతుంది, గట్లు అంతగా లేవవు, పొరకూ పొరకూ మధ్య ఎదురుచూపు తక్కువ. పుస్తకాల్లో మాత్రం రెంటికీ ఒకే భ్రాంతి పేరా.

తొలి నూనె వలలకు వచ్చే జబ్బులూ వేరు. చీకట్లో దాచిపెడితే నూనె పసుపెక్కి తెలుపు చెడుతుంది, వెలుతురు తగిలితే కొంత తిరిగొస్తుంది. గట్ల మధ్య చేరిన దుమ్మును తడిగుడ్డతో తుడవకూడదు, మెత్తటి పొడి కుంచెతో లేపి తీయాలి. వార్నిష్ పూస్తే మెరిసే చోటుకూ మెరవని చోటుకూ తేడా పోతుంది. వెనక కొత్త గుడ్డ అతికించేటప్పుడు వేడీ ఒత్తిడీ ఎక్కువైతే వంపులు అణిగిపోతాయి, ఇక లేవవు. కొనేవాళ్లు పక్క నుంచి దీపం వేసి ముందు చూడాల్సింది ఆ గట్లనే.