ఈ-బుక్ అంటే పీడీఎఫ్ ఒక్కటేనా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ దగ్గర డీటీపీ పని చేస్తున్నాను. థీసిస్ రాసే పిల్లలు, కథలు రాసే పెద్దవాళ్లు వెబ్ పేజీలు, పాత ఫైళ్లు తెచ్చి "ఈ-బుక్ చేసివ్వన్నా" అంటారు. ఈ పని గురించి చాలామందికి కొన్ని అపోహలున్నాయి.

అపోహ: పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే ఈ-బుక్ అయిపోయినట్టే.

పీడీఎఫ్ కాగితం లాంటిది. ఏ4 సైజుకు కూర్చిన అక్షరాలు ఫోన్‌లో చీమల్లా కనిపిస్తాయి. పెద్దవి చేస్తే ప్రతి వరుసకూ తెరను అటూ ఇటూ జరపాలి. ఈ-బుక్‌ల కోసమే ఉన్న ఈపబ్ (EPUB) ఫైలు అలా కాదు. అది నిజానికి ఒక జిప్ ఫైలు, లోపల అధ్యాయాలన్నీ వెబ్ పేజీలే. అందుకే అక్షరం సైజు పెంచితే వరుసలు వాటంతట అవే సర్దుకుంటాయి.

అపోహ: ఏ తెలుగు పీడీఎఫ్‌నైనా కాలిబర్‌లో (ఈ-బుక్‌లు మార్చే సాఫ్ట్‌వేర్) వేస్తే ఈపబ్ వచ్చేస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. నిరుడు చిత్తూరు నుంచి ఒక రిటైరైన అయ్యవారు వచ్చారు. ఊరూరా తిరిగి రాసుకున్న జానపద పాటలు, పీడీఎఫ్‌లో. కాలిబర్‌లో వేస్తే ఒక్క పదం కూడా తెలుగులో రాలేదు, అన్నీ పిచ్చి గుర్తులే. "ఇంత కష్టం నీళ్లపాలేనా నాయనా?" అన్నారు.

కారణం 'అను' అనే పాత తెలుగు ఫాంట్లు. వాటిలో కంటికి కనిపించేది తెలుగే అయినా, ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. ఫాంట్ మారగానే తెలుగు పోతుంది. అయ్యవారి అదృష్టం, టైపు చేసిన పేజ్‌మేకర్ ఫైలు ఇంకా ఉంది. దాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఫాంట్ మారినా తెలుగు పోని కోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచేయడానికి ఇద్దరం మూడు సాయంత్రాలు కూర్చున్నాం.

మీ పీడీఎఫ్ సంగతి తెలియాలంటే ఒక వరుస కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంటు. అసలు సెలెక్టే కాకపోతే అది స్కాన్ చేసిన ఫొటో, ఓసీఆర్ చేయాలి, అంటే ఫొటోలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో చదివించాలి. టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ తెలుగు చదువుతుంది, కానీ మనిషి ప్రూఫ్ చూడాల్సిందే. యూనికోడ్ పీడీఎఫ్‌లో కూడా ఒత్తులు తారుమారు కావచ్చు, కాబట్టి వర్డ్ ఫైలు ఉంటే అదే తీసుకురండి.

అపోహ: లింకు దాచుకుంటే చాలు.

సైటు మూతపడితే లింకు ఎందుకూ పనికిరాదు. లింకులు దాచుకునే పాకెట్ సర్వీసే 2025 జూలైలో ఆగిపోయింది. బ్రౌజర్‌కు తగిలించుకునే సింగిల్‌ఫైల్ ఎక్స్‌టెన్షన్‌తో పేజీని బొమ్మలతో సహా ఒకే ఫైలుగా మీ దగ్గర ఉంచుకోండి.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావాలి.

అక్కర్లేదు. కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన కాలిబర్ ఇప్పటికీ ఉచితమే. అమెజాన్ ఈ-బుక్ రీడర్ కిండిల్‌కు మోబీ అనే రకం ఫైలే కావాలన్నదీ పాత మాట, దానికి ఫైళ్లు పంపే సెండ్ టు కిండిల్ సర్వీసు 2022 నుంచి ఈపబ్ తీసుకుంటోంది.

అపోహ: నెట్‌లో ఉన్నది అందరిదీ.

మన చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. మీరు చదువుకోవడానికి దాచుకోండి. పదిమందికి పంచాలనుకుంటే రాసినవాళ్లకు ఒక ఫోన్ చేయండి. నేను అడిగినవాళ్లలో ఎక్కువమంది సంతోషంగా ఒప్పుకున్నారు, కొందరైతే మంచి ప్రతి కూడా పంపారు.