అమ్మ నడక చూడండి

శ్రీకాకుళం

గుంటల్లారా,

ఉభాల రోజులివి, వరినాట్లు పడుతున్నాయి. సాయంత్రం వంశధార కాలువ కింద మడుల్లోంచి అమ్మలు గట్టెక్కి వస్తుంటే వెనకనుంచి చూడండి. నడుం బాగున్న మనిషి చురుగ్గా నడిస్తే భుజాలు ఒక పక్కకి, తుంటి ఇంకో పక్కకి తిరుగుతాయి, చేతులు ఊగుతాయి. ఆడవాళ్ళకి తుంటి ఊపు మగవాళ్ళకన్నా కాస్త ఎక్కువే. నడుం నొప్పి ఉంటే ఆ తిప్పు పోయి, భుజాలూ తుంటీ ఒకే చెక్కలా కదులుతాయి. అడుగు చిన్నదవుతుంది. అది బద్ధకం కాదు. నొప్పి వస్తుందన్న భయంతో వెన్ను పక్క కండరాలు సడలాల్సిన క్షణంలో కూడా బిగుసుకునే ఉంటాయి. నడిచినంతసేపూ బిగిసి ఉంటే అలుపు రాదేటి?

ఇంట్లో కొలవొచ్చు. వీధిలో 14 మీటర్లు కొలిచి, మొదటి 2, చివరి 2 వదిలి, మధ్య 10 మీటర్లకి ముగ్గుపిండితో రెండు గీతలు గీయండి. మామూలుగా నడవమని, గీతకీ గీతకీ మధ్య సెకన్లూ అడుగులూ లెక్కపెట్టండి. మొదటిసారిది వదిలేయండి, ఎవరైనా చూస్తున్నారంటే నిటారుగా నడిచేస్తారు. నొప్పిలేని నడివయసు మనిషికి సుమారు 8 సెకన్లు పడుతుంది. వారానికోసారి అదే చోట, అవే చెప్పులతో కొలిస్తే తేడా తెలుస్తుంది.

నొప్పి ఒక కాల్లోకి దిగితే ఆ కాలు నేలమీద తక్కువసేపు ఉంటుంది, కుంటినట్టు కనిపిస్తుంది. పాదం ముందుభాగం లేవక చెప్పు నేలకి రాసుకుంటున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆపుకోలేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తెల్లారేదాకా ఆగొద్దు.

గంటలకొద్దీ వంగి నాటితే వెన్నెముకని పట్టి ఉంచే నారలాంటి కట్లు సాగిపోతాయి, లేచిన వెంటనే సర్దుకోవు. అందుకే గట్టెక్కగానే నారుకట్ట ఎత్తనివ్వకండి. అయిదు నిమిషాలు ఊరికే నడిచి, చేతులు నడుం మీద పెట్టుకుని మెల్లగా వెనక్కి వంగమనండి. రోజంతా మంచమెక్కి పడుకోవడం మేలు చేయదు. కొంచెం కొంచెంగా నడవడమే మంచిది.

నీళ్ళ బిందె సంగతీ అంతే. చంకన పది లీటర్ల బిందె ఉంటే వెన్ను రెండో పక్కకి ఒరుగుతుంది, ఆ పక్క కండరాలు ఇంటిదాకా లాగుతూనే ఉంటాయి. రెండు చిన్న డబ్బాల్లో, చేతికొకటిగా తెస్తే ఆ ఒరుగు ఉండదు. ఆ రెండింట్లో ఒకటి మీరు పట్టుకోండి.

మీ తాత